గేర్‌బాక్స్ ఇప్పుడే దించకండి అన్నా, ముందు క్లచ్ చూడండి

ఇంజిన్ ఆపితే గేర్లన్నీ ఈజీగా పడుతున్నాయి, స్టార్ట్ చేస్తే మాత్రం ఫస్టూ రివర్సూ అస్సలు పడట్లేదు అన్నారు కదా, అంటే గేర్‌బాక్స్ లోపల దాదాపు బాగానే ఉన్నట్టు, పెడల్ తొక్కినా క్లచ్ ఇంజిన్ నుంచి పూర్తిగా విడవట్లేదు అంతే. మెకానిక్ గేర్‌బాక్స్ దించి చూద్దాం అంటే అప్పుడే ఒప్పుకోకండి ప్లీజ్, లేబర్ ఊరికే పోతుంది.

మీది హైడ్రాలిక్ క్లచ్ (ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసేది) అన్నారు, సో ముందు క్లచ్ ఆయిల్ డబ్బాలో లెవెల్ చూడండి, చాలా కార్లలో బ్రేక్‌కీ క్లచ్‌కీ ఒకటే డబ్బా ఉంటుంది. తర్వాత పెడల్ నాలుగైదు సార్లు గబగబా పంప్ చేసి వెంటనే గేర్ వేసి చూడండి, అప్పుడు పడితే లైన్లో గాలన్నా ఉండాలి, మాస్టర్ సిలిండరో (పెడల్ దగ్గర ఆయిల్‌ని నెట్టేది) స్లేవ్ సిలిండరో (గేర్‌బాక్స్ దగ్గర ఆ ప్రెషర్‌తో క్లచ్‌ని కదిపేది) లీకన్నా అవుతుండాలి. పెడల్ పైభాగంలోనో కింద కార్పెట్ మీదో తడిగా ఉంటే మాస్టర్, గేర్‌బాక్స్ పక్కన రబ్బర్ బూట్ తీస్తే ఆయిల్ కారితే స్లేవ్. ఇంకొకరిని పెడల్ తొక్కమని స్లేవ్ రాడ్ ఎంత కదులుతుందో కూడా చూడండి, కొంచెమే కదిలితే తప్పు ఈ హైడ్రాలిక్ వైపే, ఇక డౌట్ లేదు. పోయిన సిలిండర్ మార్చి, డబ్బా మీద రాసున్న గ్రేడ్ ఆయిలే, ఎక్కువగా డాట్ 3 లేదా డాట్ 4 అనే బ్రేక్ ఆయిల్ ఉంటుంది, కొత్త సీసాది పోసి గాలి తీయించండి.

రాడ్ ఫుల్‌గా కదులుతున్నా గేర్ పడకపోతే అప్పుడు క్లచ్ లోపలి భాగాలైన ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మీద అనుమానం, దానికి మాత్రం దించక తప్పదు. ఈలోపు బలవంతంగా గేర్ తోయకండి, గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు అరిగిపోతాయి.