ఫీజు లెక్క సరే, ఇల్లు ఎలా గడుస్తుంది?

పర్లాకిమిడి నుంచి ఒక నర్సమ్మ రాశారు. బీఎస్సీ నర్సింగ్ చేసి బరంపురంలో ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో మూడేళ్లుగా డ్యూటీ, జీతం 19,000. నర్స్ ప్రాక్టీషనర్ క్రిటికల్ కేర్ అనే, ఐసీయూ నర్సుల పైచదువుకి వైజాగ్ వైపు సీటు చూసుకున్నారట. ఫీజుకి తెలిసినాయన దగ్గర 3 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి, దాచుకున్న 40,000 అడ్మిషన్‌కి, చాలకపోతే అమ్మ పుస్తెలతాడు తాకట్టు, సరిపోద్దా అని అడుగుతున్నారు.

సరిపోదమ్మా. కోర్సుకి వంక పెట్టను, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌ది, రెండేళ్లు, ఎమ్మెస్సీ కిందే లెక్క, ఏడాది అనుభవం ఉండాలన్న రూలూ మీరు దాటేశారు. కానీ అందరూ చేసే తప్పే ఇది, ఫీజు ఒక్కటే ఖర్చనుకోవడం.

మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 9,000, రెండేళ్లకి 2,16,000, అసలు మాత్రం కదలదు. నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే వడ్డీ వాడి ఫోనెత్తాలా మీరు? చదువుతుంటేనే కోపం వచ్చింది. ఆ ప్రోనోటు మీద సంతకం పెట్టొద్దు, తాడు జోలికి అసలు వెళ్లొద్దు.

ఇంటి ఖర్చు అమ్మ షుగరు మందులతో కలిపి 12,000 అన్నారు. చదివినన్నాళ్లూ కాలేజీ నెలనెలా ఇచ్చే స్టైపెండ్‌తో ఇల్లు గడిచినా, జీతం రాని కాలం కోర్సుతో అయిపోదు, రిజల్ట్ రావాలి, సర్టిఫికెట్ రావాలి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో అదనపు క్వాలిఫికేషన్ ఎక్కాలి, ఆ తర్వాత ఉద్యోగం. అందుకే మీకు అందరూ చెప్పే ఆరు నెలల ఖర్చు చాలదు, తొమ్మిది నెలల ఖర్చు 1,08,000 పక్కన ఉండాల్సిందే. ఉన్న 40,000 ముట్టుకోకుండా నెలకి 7,000 కలిపితే పది నెలల్లో ఆ మొత్తం జమైపోద్ది, వచ్చే ఏడాది చేరండి. ఆ డబ్బు వేరే బ్యాంకులో వేసి ఏటీఎం కార్డు అమ్మ బీరువాలో పెట్టేయండి.

ఇంకోటి, ఉద్యోగం మానేస్తే ఈఎస్ఐ వైద్యం కొన్ని నెలల్లో ఆగిపోద్ది, అమ్మకి కూడా. రేషన్ కార్డు మీద ఒడిశా ప్రభుత్వం ఇచ్చే గోపబంధు ఆరోగ్య బీమా కార్డు తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి.

ఫీజుకి బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ అడగండి, 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే స్కీమ్ ఉంది, కోర్సయ్యాక ఏడాదికి గానీ ఈఎంఐ మొదలవ్వదు.

ముందు కాలేజీకి ఫోన్ చేసి స్టైపెండ్ ఎంతో కాగితం మీద రాసిస్తారా అని అడగండి. ఇంటి ఖర్చుకి సరిపడా రాకపోతే వేరే కాలేజీ చూద్దాం. ఆ కాగితం వచ్చాక మళ్లీ రాయండమ్మా, లోన్ ఫారం కలిసి నింపుదాం.