ఓడల జాబితా దాటేసెయ్, అమ్మలూ

అమ్మలూ,

ట్రాయ్ మీద గ్రీకుల యుద్ధం చెప్పే ఇలియడ్ కావ్యంలో రెండో సర్గలోనే ఆగిపోయావని మీ అమ్మ చెప్పింది. ఎవరు ఎక్కణ్ణుంచి ఎన్ని ఓడలతో వచ్చారో చెప్పే జాబితా అక్కడే కదా! దాటేసెయ్, ఏం పర్లేదు. మొదటిసారి నేనూ ఆ ఓడల్లోనే మునిగాను.

నేను చేసిన అసలు తప్పు ఇంకొకటి. పక్కన మ్యాప్ పెట్టుకుని, ఇది ఏ శతాబ్దం సంగతి అని ప్రతి పేజీలో వెతికాను. అలా దొరకదు. కథలో రాజుల కాలంగా అనుకునే కంచుయుగపు గ్రీకుల మైసీనే కోటలు క్రీ.పూ. 1200 ప్రాంతంలో కూలాయి. ఈ కావ్యం రూపు కట్టింది సుమారు క్రీ.పూ. 8వ శతాబ్దంలో. మధ్యలో చాలాకాలం రాతే లేదు, కథ పాడేవాళ్ల నోళ్లలో బతికింది. అందుకే పదో సర్గలో మైసీనే నాటి అడవిపంది కోరల శిరస్త్రాణం కనిపిస్తుంది. చనిపోయినవాళ్లను మాత్రం దహనం చేస్తారు, మైసీనే దొరలనైతే సమాధుల్లో పెట్టేవారు. అమ్మమ్మ పెట్టెలో పాత పట్టుచీర, మొన్న కొన్న తువ్వాలు కలిసి ఉన్నట్టన్నమాట. గ్రీకుల మేటి వీరుణ్ణి మాటిమాటికీ "వడికాళ్ల అకిలీస్" అంటుంటే విసుక్కోకు. పాడేవాడికి అది ఊపిరి తీసుకునే చోటు.

తేదీలు వదిలెయ్. ఎవరు ఎవరికి ఏమిచ్చారు, ఎవరి దగ్గర ఏం లాక్కున్నారు, అది పట్టుకుని చదువు. నాణేలు లేని లోకం, విలువ ఎద్దుల్లో చెబుతారు. ఆరో సర్గలో ట్రాయ్ వైపు గ్లాకస్, గ్రీకుల వైపు డయోమెడిస్ యుద్ధం మధ్యలో ఎదురుపడతారు. ఒకరి తాత ఇంట్లో ఇంకొకరి తాత 20 రోజులు అతిథిగా ఉన్నాడని తెలిసి, రథాలు దిగి చేతులు కలుపుతారు, కవచాలు మార్చుకుంటారు. 100 ఎద్దుల బంగారు కవచం ఇచ్చి, 9 ఎద్దుల కంచుది తీసుకుంటాడు గ్లాకస్! దేవతల రాజు జ్యూస్ అతని మతి పోగొట్టాడని కవి వేళాకోళం.

ఇరవై మూడో సర్గలో నవ్వు రాదు. అక్కడ అంత్యక్రియల పోటీలు. కుస్తీలో గెలిస్తే 12 ఎద్దుల విలువైన ముక్కాలి పాత్ర, ఓడితే 4 ఎద్దుల విలువైన ఆడమనిషి. అక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఇవి చూశాక అకిలీస్ కోపం దగ్గరికి మళ్లీ వెళ్లు. బ్రిసెయిస్‌ని అతను ప్రేమించాడా లేదా అన్న వాదనలోకి నేను దిగను. ఆమె దోపిడి సొమ్ములో సైన్యం అతనికిచ్చిన గౌరవ వాటా, వాళ్ల మాటలో గెరాస్. గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నాన్ అది లాక్కుంటే అందరి ముందూ పరువు పోయినట్టే. వాళ్ల పరువు ఎదురుగా పెట్టి లెక్కపెట్టగలిగే వస్తువు. మరి తొమ్మిదో సర్గలో అంతకు ఎన్నో రెట్లు ఇస్తామన్నా అకిలీస్ ఎందుకు వద్దంటాడు? అది నేను చెప్పను.

చివరి సర్గ మాత్రం రాత్రిపూట, ఫోన్ పక్కన పెట్టి చదువు. అకిలీస్ చంపిన తన కొడుకు శవం అడగడానికి ట్రాయ్ రాజు ప్రయామ్ అతని దగ్గరికే వస్తాడు, ఇద్దరూ భోంచేస్తారు. మాంసం ఎవరు వడ్డించారో చూసి, తెల్లారాక నాకు ఫోన్ చెయ్.

తాతయ్య