పెంటికలు లెక్కబెట్టే చదువు

పోయిన సంచికలో పులుల గురించి నాలుగు ముక్కలు రాసినందుకు ఉత్తరాలు బాగానే వచ్చాయి. చిత్రమేమిటంటే వాటిలో పులి గురించి అడిగినవాళ్ళు తక్కువ. మహారాష్ట్రలోని సిరొంచ, రాజురా, అహేరి వైపు నుంచి వచ్చిన అయిదింటికి ఈసారి జవాబులు.

*

ప్రశ్న: అక్కా, మాది సిరొంచ తాలూకాలో ఒక పల్లె. డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాను. అడవి మీద పరిశోధన చేసే ఇద్దరు వచ్చి దారి చూపించే మనిషి కావాలంటే రోజు కూలికి ఆరు రోజులు వెళ్ళాను. పులి జాడలు వెతుకుతారేమో అనుకుంటే, వాళ్ళు తాడు పరిచి నేల మీద కూర్చుని దుప్పి పెంటికలు లెక్కబెట్టారు! ఏమీ లేని చోట కూడా 'సున్నా' అని రాసుకున్నారు. మా మామ అయితే "పెంటికల ఇంజనీర్ వచ్చిండు" అని ఒకటే నవ్వు. నిజంగా దీంతో ఏం తెలుస్తుంది?

జవాబు: నవ్వనివ్వు తమ్ముడూ. మీ మామకు మేకలుంటే, పొద్దున దొడ్డి ఊడ్చేటప్పుడు కింద పడ్డవి చూసి ఏ మేక మేత మానేసిందో ఆయనే చెప్పగలడు. ఈ పిల్లలు చేసేదీ అదే, కాకపోతే దొడ్డి కొంచెం పెద్దది.

పులి సుమారుగా వారానికి ఒక పెద్ద జంతువును కొడుతుంది, దుప్పో పందో. అంటే ఏడాదికి యాభై. మందలో పదో వంతు దాకా పులి నోట పడ్డా మిగిలినవి ఈని ఆ లోటు పూడ్చుకుంటాయని ఒక మోటు లెక్క ఉంది, దాని ప్రకారం ఒక్క పులి వెనకాల అయిదు వందల దుప్పులు, కణుజులు, పందులు ఉండాలి. పులి ఫొటో చూసి చప్పట్లు కొట్టేవాళ్ళకు ఈ అయిదు వందలు కనబడవు. దుప్పులేమో రేషన్ షాపు ముందు జనంలా వరసలో నిలబడవు. పెంటికలు మాత్రం పడ్డచోటే ఉంటాయి, మనిషి అలికిడికి పారిపోవు. అందుకే నాలుగేళ్ళకోసారి దేశమంతా జరిగే పులుల లెక్కింపులో కూడా రెండు కిలోమీటర్ల గీత వెంబడి నడిచి, 400 మీటర్లకొకసారి ఆగి, 20 మీటర్ల పొడవు 2 మీటర్ల వెడల్పు పట్టీలో ఏ జంతువువి ఎన్ని ఉన్నాయో రాస్తారు. అక్కడే చుట్టూ ఏ చెట్లున్నాయి, ఏ పొదలున్నాయి, నేల మీద గడ్డి ఎంత, ఎండుటాకు ఎంత అనేదీ రాస్తారు. నువ్వు చూసింది దాదాపు ఇదే అయ్యుంటుంది.

ఇక ఆ సున్నా సంగతి. నేను చాందా (చంద్రపూర్) అడవుల్లో పని మొదలుపెట్టిన ఏడాది, ఏమీ దొరకని చోట పుస్తకంలో ఏమీ రాయకుండా ముందుకు వెళ్ళిపోయేదాన్ని. నెలాఖరుకు మా సార్ ఆ పుస్తకం తిరగేసి, "ఈ చోట్లు చూశావా, చూడలేదా?" అని అడిగితే నోట మాట రాలేదు, ఎందుకంటే నాకే గుర్తు లేదు. నెల పని పోయింది. మళ్ళీ నడిచాను, అదీ ఏప్రిల్లో, చాందా ఎండ గురించి మీకు నేను చెప్పాలా! గడి ఖాళీగా వదిలితే అక్కడికి ఎవరూ పోలేదని అర్థం, సున్నా రాస్తే పోయి చూశామని అర్థం. ఈ రెంటికీ తేడా తెలియడానికి నాకు ఒక నెల జీతమంత చెమట పట్టింది.

అయితే నడిచేటప్పుడు కళ్ళబడ్డ జంతువులనూ లెక్కబెడతారు, అందులో ఇంకో మెలిక ఉంది. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. దట్టమైన పొదల్లో అయిదు దుప్పులు కనిపించి బయలు గడ్డిలో ఇరవై కనిపిస్తే, బయల్లోనే ఎక్కువ ఉన్నాయని చెప్పలేం, పొదల్లో మన చూపు పది అడుగులు దాటదు మరి. అందుకే జంతువు కనిపించినప్పుడు అది గీతకు ఎంత దూరంలో ఉందో కూడా కొలుస్తారు. దూరం పెరిగేకొద్దీ కనిపించడం ఎంత తగ్గుతోందో చూసి, కళ్ళు తప్పినవాటిని లెక్కలోకి తెస్తారు. అదే చోటికి మూడు నాలుగుసార్లు వెళ్ళడం కూడా ఇందుకే.

పెంటికల లెక్కకు లోపాలూ ఉన్నాయి. వాన పడితే కరిగిపోతాయి, పేడపురుగులు తినేస్తాయి, ఊరి మేకలు ఆ దారిన పోతే అన్నీ కలిసిపోతాయి. ఇక్కడే నీ అవసరం. మేకదేదో దుప్పిదేదో పట్నం నుంచి వచ్చిన పిల్లకంటే నువ్వు గబుక్కున చెబుతావు. ఒక పని చెయ్యి: ఆ ఆరు రోజులు నడిచిన దారుల్లో పులికంప (లాంటానా) ఎక్కడెక్కడ అల్లుకుందో గుర్తు తెచ్చుకో, అక్కడ సున్నాలు ఎక్కువ పడ్డాయా? రెండు వందల ఏళ్ళ కింద తోటల్లో అందం కోసం తెచ్చిన మొక్క అది, కింద గడ్డిని లేవనివ్వదు, గడ్డి లేకపోతే దుప్పి రాదు. చెట్టు పేరు, పెంటికల సంఖ్య ఒకే కాగితం మీద రాసేది ఈ ముడి పట్టుకోవడానికే.

ఒక్క సంగతి మాత్రం నాకు మంటగా ఉంటుంది. ఇలా వచ్చినవాళ్ళలో చాలామంది పని అయ్యాక ఆ ఊరికి ఏం తేలిందో చెప్పరు. వాళ్ళ ఫోన్ నంబర్ నీ దగ్గరుంటే అడుగు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు, ఆ లెక్కలో నీ కాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి.

*

ప్రశ్న: మేడం, మాది రాజురా దగ్గర. పత్తి చేనుకు పోయే బాట పక్కన చెట్టుకు కెమెరాలు కట్టారు. మేం ఆడవాళ్ళం తెల్లారుజామున అటే పోతాం. మా ఫొటోలు పడతాయా? మా ఆయన పగలగొట్టేస్తానంటున్నాడు.

జవాబు: పడతాయి చెల్లీ, దాచడం ఎందుకు. దాని ముందు వెచ్చటి ఒళ్ళు ఏది కదిలినా ఫొటో తీస్తుంది, పులా, బర్రెనా, మీ ఆయనా అన్నది దానికి తెలియదు. బాటకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా కడతారు, ఎందుకంటే పులి కుడివైపు చారలు ఎడమవైపు చారల్లా ఉండవు, మన వేలిముద్రల్లాగే ఏ పులి చారలు దానివే. మీ వైపు పెట్టడానికి కారణం కూడా ఉంది. చంద్రపూర్ దగ్గరి తాడోబా పులుల అడవిలో పుట్టిన పులులు చోటు వెతుక్కుంటూ రాజురా మీదుగా తెలంగాణలోని కాగజ్‌నగర్, కవ్వాల్ అడవుల వైపు పోతుంటాయి.

మనుషుల ఫొటోలు తీసేయాలి, ఎవరికీ చూపించకూడదు, అది పద్ధతి. అన్నిచోట్లా పాటిస్తారా అంటే నేను హామీ ఇవ్వను. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ అడవి పక్క పల్లెల్లో ఇవే కెమెరాల వల్ల ఆడవాళ్ళు అడవిలో పాటలు పాడటం, గట్టిగా మాట్లాడుకోవడం తగ్గించేశారని 2024లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. పులి దూరంగా పోవాలంటే ఆ చప్పుడే కదా కాపాడేది! కాబట్టి మీ టెన్షన్ ఉత్తది కాదు. మీ ఆయన్ను మాత్రం ఆపండి, పగలగొడితే కేసవుతుంది. నలుగురు ఆడవాళ్ళు కలిసి బీట్ గార్డును అడగండి: ఇది మేం పోయే బాట, పక్కకు జరపండి, ఎన్నాళ్ళుంచుతారో చెప్పండి అని. ఒక విడతకు నెల రోజుల చుట్టుపక్కలే ఉంచుతారు మామూలుగా.

*

ప్రశ్న: ఇప్పపూల కాలంలో మా మామయ్య చెట్టు కింద ఆకు కాలుస్తాడు. ఫారెస్టువాళ్ళు తిడతారు. కాలిస్తేనే పువ్వు కనిపిస్తుంది, కాలిస్తేనే తునికి కొత్త ఆకు బాగా వస్తుంది అంటాడాయన. ఎవరిది నిజం? (అహేరి నుంచి)

జవాబు: ఆయన చెప్పేది అబద్ధం కాదు. కాలిన తునికి పొద వేరు నుంచి లేత ఆకు వేస్తుంది, నల్లటి నేల మీద తెల్లటి పువ్వు తేలిగ్గా దొరుకుతుంది. టేకు, నల్లమద్ది లాంటి ముదురు చెట్లకు నేల మంటతో పెద్దగా ఏమీ కాదు కూడా. పోయేది పిల్ల మొక్కలు. మీ మామయ్య ఏరుకునే ఇప్ప చెట్లను ఒకసారి చూడండి, తాతల నాటి పెద్ద మానులే తప్ప చేతికర్రంత లావు ఇప్ప మొక్క ఒక్కటైనా కనిపిస్తుందా? మేము చెట్ల చుట్టుకొలత 1.37 మీటర్ల ఎత్తున, అంటే దాదాపు మన రొమ్ము దగ్గర కొలుస్తాం, మొదట్లో కాండం ఉబ్బి ఉంటుంది కాబట్టి. అలా కొలిచి లావు ప్రకారం వరసగా రాస్తే, లావు చెట్లు బాగానే ఉండి సన్నవి లేకపోతే, ఆ అడవి పైకి పచ్చగా ఉన్నా లోపల ముసలిదైపోయిందని అర్థం. ఇప్పకు మంట ఒక్కటే కాదు, పశువుల మేత, నూనె కోసం గింజ మొత్తం ఏరుకోవడం కూడా కలిసి ఈ గతి పట్టింది.

ఆకు ఊడ్చి పక్కకు తోయొచ్చు, చెట్టు కింద పాత చీరో వలో పరిస్తే మట్టి అంటని పువ్వుకు రేటు కూడా ఎక్కువే వస్తుంది. తునికికి ముందే కొమ్మ కొట్టిస్తే లేత ఆకు వస్తుంది, మంట అక్కర్లేదు. అయినా ఒక్క మీ మామయ్య మానేస్తే ఏమొస్తుంది, పక్క చెట్టువాడి మంట ఆగదు కదా. ఇది గ్రామసభలో తేల్చుకోవాల్సింది. మన గడ్చిరోలిలోనే ధానోరా తాలూకా మెండా లేఖాకు 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. అక్కడ ఊరివాళ్ళే చదువుకునే గుంపులు పెట్టుకుని తమ అడవి గురించి తామే మాట్లాడుకుంటారు. వీలైతే ఒకసారి మామయ్యను తీసుకుపోండి, ఫారెస్టువాళ్ళ తిట్లకంటే అది పనిచేయొచ్చు.

*

ప్రశ్న: వెదురు పూస్తే కరువు వస్తుందని మా నానమ్మ అంటుంది. మూఢనమ్మకమేనా?

జవాబు: అలా తీసిపారేయకు. మిజోరాంలో వెదురు పూసి గింజలు కుప్పలుగా రాలి, ఎలుకలు విపరీతంగా పెరిగి పంటల మీద పడి 1959 ప్రాంతంలో నిజంగానే కరువొచ్చింది. అక్కడి వెదురు వేరు, దాదాపు 48 ఏళ్ళకోసారి అంతా కలిసి పూస్తుంది. మన గట్టి వెదురు కూడా దశాబ్దాలకోసారే పూసి చనిపోతుంది కానీ ఇక్కడ ఎలుకల కంటే ఎండిన బొంగులకు నిప్పంటుకోవడమే పెద్ద భయం, ఆ తర్వాత మొలిచే పిల్ల వెదురును పశువులు తినేయడం. నానమ్మ కిందటిసారి ఎప్పుడు పూసిందో, తన పెళ్ళికి ముందా తర్వాతా, ఎవరి కాన్పు ఏడాదిలోనో అడిగి రాసిపెట్టు. ఇంత నిడివి ఉన్న లెక్క మా పుస్తకాల్లో తక్కువ, ముసలివాళ్ళ దగ్గరే ఎక్కువ.

*

ప్రశ్న: బీఎస్సీ బాటనీ చదివాను. ఇందులో ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఉంటాయి, జీతాలు గొప్పగా ఉండవు. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్) వన్యప్రాణుల మీద ఎమ్మెస్సీ నడుపుతాయి, రెంటికీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇంటి దగ్గరే కావాలంటే గడ్చిరోలిలో గోండ్వానా విశ్వవిద్యాలయం ఉంది. ముందు ఆరు నెలలు ఏదైనా ప్రాజెక్టులో ఫీల్డు సహాయకుడిగా చేసి చూడు, జలగలు, గోమార్లు, నెట్‌వర్క్ లేని రాత్రులు పడతాయో లేదో తెలుస్తుంది. మీ ఉత్తరంలో తెలుగు, మరాఠీ వచ్చు, మాడియా గోండి అర్థమవుతుంది అని చివర్లో ఎక్కడో రాశారు. దరఖాస్తులో దాన్ని మొదటి వాక్యంగా రాయండి.