సిరిమాను అయ్యాక కారులో కాశీకి, ఒక్కదాన్నే

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 41 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. కారు నడపడం బాగానే వచ్చు, వైజాగ్, అన్నవరం, అరకు ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. ఈ ఏడు దసరా వెళ్లగానే వచ్చే మా పైడితల్లమ్మ సిరిమాను పండగ అయ్యాక సెలవు పెట్టి కారులోనే కాశీ వెళ్లాలని ఉంది. తోడు దొరక్క కాదు, తోడు వద్దనే. మా అత్తగారు "ఆడకూతురివి, అంత దూరం ఒక్కదానివా, రైలు లేదేటి?" అంటున్నారు. మావారు అవుననీ అనడం లేదు, కాదనీ అనడం లేదు, అది ఇంకా టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చా? ఏ దారి మంచిది?

జవాబు: వెళ్లొచ్చు. మీ అత్తగారికి దొంగల భయం. నాకు మాత్రం మీ విషయంలో ఒకటే భయం, రాత్రి ఎనిమిదింటికి హైవే మీద టెయిల్ ల్యాంపు లేకుండా, ఒక చెట్టుకొమ్మ అడ్డం పెట్టి ఆపేసిన లారీ. పక్క సీట్లో మనిషి ఉంటే "ఏయ్, ముందు చూడు" అంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ రెండో జత కళ్లు ఉండవు, కాబట్టి వెలుతురు ఉన్నప్పుడే నడపాలి. పొద్దున్న ఆరింటికి స్టీరింగ్ పట్టుకోండి, సాయంత్రం నాలుగున్నరా ఐదుకల్లా కారు లాడ్జి ముందు ఉండాలి. ఇది ఒక్కటి పాటిస్తే మిగతావన్నీ సర్దుకుంటాయి. ఇంకో గంట పోతే పెద్ద ఊరు వస్తుంది కదా అనిపిస్తుంది చూడండి, సరిగ్గా అప్పుడే ఆగిపోవాలి.

ఇక దారి. మీరు ఉన్న చోటే గొప్ప దారి మొదలవుతుంది. సాలూరు, కోరాపుట్, జయపురం, జగ్దల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్, అక్కణ్నించి కవర్ధా, మండ్లా దాటి జబల్‌పూర్, తర్వాత కట్నీ, రీవా, మీర్జాపూర్, కాశీ. జగ్దల్‌పూర్ సుమారు 250 కి.మీ., అక్కడ మొదటి రాత్రి. మర్నాడు రాయ్‌పూర్ దాదాపు 300, ఆ మర్నాడు జబల్‌పూర్ 350 దాకా. తర్వాత రీవాలో ఒక రాత్రి ఆగితే అయిదో రోజు మధ్యాహ్నానికి కాశీలో ఉంటారు. ఫోన్లో మ్యాప్ రాయ్‌పూర్‌కి ఒక్కరోజు చాలంటుంది. మ్యాప్‌కి నిద్ర రాదు, నడుం నొప్పీ రాదు. రాయ్‌పూర్ నుంచి విశాఖకు వేస్తున్న ఆరు లైన్ల రోడ్డు పూర్తయితే ఈ లెక్క మారుతుంది, అప్పుడు మళ్లీ రాయండి.

సాలూరులో ఒక గంట ఆగండి. ఆ ఊరు బతుకే లారీల మీద. రాయ్‌పూర్ దారి అక్కడి డ్రైవర్లకి తెలిసినంతగా ఏ ఫోన్‌కీ తెలియదు. గ్యారేజీ దగ్గర టీ తాగుతున్న పెద్ద డ్రైవర్నెవరినైనా "బాబూ, కేశ్‌కాల్ ఘాట్ ఇప్పుడెలా ఉంది" అని అడగండి, ఎక్కడ జామ్ అవుతుందో, ఎక్కడ రోడ్డు తవ్వి పెట్టారో చెప్పేస్తారు. కేశ్‌కాల్ అంటే కొండగాఁవ్, కాంకేర్ మధ్య ఘాటు, అక్కడ మలుపులో ఒక్క లారీ ఆగిపోయిందంటే వెనక బారులు తీరాల్సిందే. దానికంటే ముందు సాలూరు దాటగానే సుంకి ఘాటు ఉంటుంది. అరకు వెళ్లొచ్చానన్నారు కాబట్టి ఘాట్ రోడ్డు గురించి మీకు పెద్దగా చెప్పక్కర్లేదు, లారీవాళ్ల సూత్రం ఒక్కటి గుర్తుంచుకోండి: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. బ్రేకు మీద కాలు ఉంచి దిగితే కాసేపటికి కాలిన వాసన వస్తుంది. వచ్చిందా, పక్కకి తీసి ఆపండి, చక్రాల మీద నీళ్లు మాత్రం పోయకండి, వాటంతట అవే చల్లారాలి.

జయపురం దాకా తెలుగుతో గడిచిపోతుంది, అవతల హిందీ కావాలి. లెక్కల టీచరుకి మార్కెట్ హిందీ పెద్ద కష్టం కాదు లెండి. బస్తర్ అడవుల్లోనూ, కవర్ధా దాటాక చిల్పీ ఘాటు మీదా సిగ్నల్ ఉండని చోట్లు తగులుతాయి, కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, చేతిలో నగదు ఉంచుకోండి, ట్యాంకు సగానికి రాగానే నింపేయండి. జగ్దల్‌పూర్‌లో ఒక పూట మిగిలితే 40 కి.మీ. లోపే చిత్రకోట్ జలపాతం, వానాకాలం అయిపోయిన కొత్తల్లో ఇంద్రావతి నిండుగా దూకుతుంది. కాశీకి తొందరేం లేదు, ఎన్ని వేల ఏళ్లుగానో అక్కడే ఉంది.

తిరుగు ప్రయాణం అదే దారిన రాకండి. కాశీ నుంచి 19వ నంబరు హైవే కలకత్తా వైపు వస్తుంది. దాని మీద డోభీ దగ్గర పక్కకి తిరిగితే గయ. మనవాళ్లు కాశీ వెళ్లి గయ వెళ్లకుండా వస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు కదా, ఆ రాత్రి అక్కడే ఉండండి. తర్వాత ఆసన్‌సోల్. కలకత్తా ఊళ్లోకి వెళ్లనక్కర్లేదు, 19వ నంబరు డంకుణి దగ్గర ముగుస్తుంది, మన 16వ నంబరు అక్కడే మొదలవుతుంది. ఇక స్టీరింగ్ తిప్పితే ఖరగ్‌పూర్, బాలేశ్వర్, భువనేశ్వర్, బరంపురం, ఇచ్ఛాపురం. మొత్తం చుట్టు మూడు వేల కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇచ్ఛాపురంలో తెలుగు బోర్డు కనిపించగానే ఇల్లొచ్చేసినట్టే అనిపిస్తుంది, అక్కణ్నించి విజయనగరం ఇంకా 200 పైమాటే. ఆ సంబరంలో చీకట్లో లాగించేస్తారు చాలామంది. నరసన్నపేటలోనో శ్రీకాకుళంలోనో చుట్టాలుంటే ఆ రాత్రికి వాళ్లింట్లో పడుకోండి.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. బయల్దేరే ముందు సర్వీసింగ్ అందరూ చేయిస్తారు. మీరు మాత్రం మెకానిక్ ఎదురుగా ఒక చక్రం మీ చేత్తో విప్పి స్టెప్నీ బిగించండి. టైర్ల షాపుల్లో గాలి మెషీన్‌తో నట్లు ఎంత గట్టిగా బిగిస్తారంటే, కారుతో ఇచ్చిన పొట్టి స్పానర్ మీద ఎక్కి నిలబడినా కదలవు. ఒక పొడుగాటి స్పానర్ కొనుక్కోండి. నట్లు జాకీ ఎత్తకముందే కాస్త వదులు చేయాలి, ఎత్తాక చేస్తే చక్రం తిరిగిపోతుంది. స్టెప్నీలో గాలి ఉందో లేదో ఇవాళే చూడండి, చాలా కార్లలో ఉండదు.

కాగితాలు తేలిక. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ డిజీలాకర్‌లో ఉంటే చాలు, సిగ్నల్ లేని చోటికని ఒక జిరాక్స్ సెట్టు డాష్‌బోర్డులో పెట్టుకోండి. ఫాస్టాగ్‌కి ఏడాది పాస్ ఉంది (2025లో మొదలైనప్పుడు 3,000 రూపాయలు), 200 సార్లు టోల్ దాటొచ్చు, సొంత కార్లకే, జాతీయ రహదారుల మీదే. హైవే మీద బండి ఆగిపోతే 1033, మరేదైనా అయితే 112.

గదుల సంగతి. కాశీలో తెలుగు సత్రాలున్నాయి, కానీ ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇవ్వని సత్రాలు కొన్ని ఉంటాయి, ముందే ఫోన్ చేసి అడగండి. గల్లీల్లోకి కారు పోదు, బయట పార్కింగ్‌లో పెట్టి ఆటోలోనో నడిచో వెళ్లాలి. దారిలో ఊళ్లలో రోడ్డు వైపు కాకుండా లోపల కారు పెట్టుకునే చోటున్న హోటల్ చూసుకోండి, రిసెప్షన్లో కుర్రాడు గది నంబరు గట్టిగా అరిస్తే మొహమాటపడకుండా వేరే గది అడగండి. "ఒక్కరేనా మేడమ్" అని అడుగుతారు, మావాళ్లు వెనక బండిలో వస్తున్నారని చెప్పండి. అబద్ధమే, ఏ పాపమూ అంటదు, వెళ్లేది కాశీకే కదా.

సమయం మీరు బాగా ఎంచుకున్నారు. డిసెంబరు సగం నుంచి జనవరి అంతా ఉత్తరప్రదేశ్, బీహార్ వైపు పొగమంచులో బానెట్ కూడా కనపడదు. కాకపోతే రెండు చూసుకోండి. కార్తీక పౌర్ణమికి కాశీలో దేవ్ దీపావళి, గది దొరకడం కష్టం. తుఫాన్లు మనకి అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి, తిత్లీ 2018లో అక్టోబరు 11నే పలాస మీద పడింది. అల్పపీడనం అన్నారంటే భువనేశ్వర్‌లోనే రెండు రోజులు ఉండిపోండి.

ఇక మీవారు. ఆయనకి ఈ రూటు కాగితం మీద రాసి, ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటారో తారీఖులతో సహా చేతిలో పెట్టండి. నోరు మెదపకపోవడానికి కారణం చాలాసార్లు వద్దనడం కాదు, ఏం అడగాలో తెలియకపోవడం. కాగితం చూశాక అడగడం మొదలుపెడతారు, మొదటి ప్రశ్న మైలేజీ గురించే అయి ఉంటుంది.

ప్రశ్న: నాకు 22, పలాస. నాన్న పేరు మీద ఉన్న 125 సీసీ బండి మీద లేహ్ వెళ్దామనుకుంటున్నాను. ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. బండి సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది తమ్ముడూ, నెమ్మదిగా ఎక్కుతుందంతే. నీ ప్రశ్నలో నాకు ఆగాల్సినట్టు కనిపించింది "నాన్న పేరు మీద" అన్న మాట దగ్గర. బండి ఇన్సూరెన్సులో 15 లక్షల ప్రమాద బీమా ఉంటుందే, అది ఓనరు నడుపుతున్నప్పుడే. నీకు రాదు. నీ పేరు మీద వేరే ప్రమాద బీమా తీసుకో, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకో. మనాలీ దారిలో తాండి బంకు దాటితే తర్వాతి బంకు చాలా దూరం, క్యాన్ పట్టుకెళ్లు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. చేరగానే రెండు రోజులు ఏమీ చేయకుండా పడుకో, తలనొప్పి, వాంతులు తగ్గకపోతే ఇంకా పైకి వెళ్లొద్దు, కిందకి దిగిపో. క్లచ్ కేబుల్ ఒకటి ఎక్స్‌ట్రా పెట్టుకో, చెయిన్‌కి ప్రతి 500 కి.మీ.కీ ఆయిల్ వెయ్. జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఢిల్లీ దాకా బండిని రైల్లో వేసేయొచ్చు, ట్యాంకు ఖాళీ చేసి ఇవ్వాలి. ఫ్రెండ్స్ మళ్లీ నవ్వుతారు, నవ్వనీ.

ప్రశ్న: మా అబ్బాయి బైకు మీద ఒక్కడే తిరుగుతుంటాడు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడు, మాకు ప్రాణం పోతోంది. (శ్రీకాకుళం నుంచి ఒక తండ్రి)

జవాబు: ఎత్తడం లేదంటే నడుపుతున్నాడని అర్థం, దయచేసి ఎత్తమని అడగకండి. మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు ఒకటి, సాయంత్రం గది చేరాక ఒకటి, వాడే చేయాలని మాట తీసుకోండి. సాయంత్రం ఫోన్ ఏడింటికీ రాకపోతే అప్పుడు మీరు చేయండి, అప్పుడూ ఎత్తకపోతే వాడు దిగుతానన్న హోటల్‌కి చేయండి. ఆ హోటల్ నంబరు మీ దగ్గర ఉందా?