చెట్టు మీద ఫెర్న్: ఆ ఎండుటాకులు కోయకండి, మొక్క పేరు చెప్పేది అవే

చెట్టు మాను మీద దానంతటదే ఒక ఫెర్న్ మొలిచింది, మొదలు దగ్గర గోధుమరంగు ఎండుటాకులు గుత్తిగా అతుక్కుని ఉన్నాయి, వాటి మధ్యలోంచి చీలికలున్న పొడుగాటి పచ్చని ఆకులు లేచాయి, ఆకు వెనక చుక్కలు చుక్కలుగా ఏదో ఉంది, ఇది స్టాగ్‌హార్న్ ఫెర్నా, బర్డ్స్ నెస్ట్ ఫెర్నా, ఆ చుక్కలు తెగులా, ఎండినవి కోసేసి శుభ్రం చేయవచ్చా, చెట్టుకేమైనా ప్రమాదమా అని అడిగారు. కోసే విషయం ముందు చెబుతాను, మిగతావి తర్వాత. కోయకండి. నేను కోశాను, ఆ కథ కిందుంది.

మీరు చెప్పిన రెండు పేర్లూ కావు. ఇది డ్రైనేరియా. అందులోనూ ఎక్కువగా కనిపించేది, మీ వర్ణనకు బాగా సరిపోయేది డ్రైనేరియా క్వెర్సిఫోలియా. పాలిపోడియేసి అనే ఫెర్న్‌ల కుటుంబానికి చెందింది. భారతదేశం, శ్రీలంక మొదలుకొని ఆగ్నేయాసియా అంతా, అక్కణ్ణుంచి న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియా దాకా అడవుల్లో సహజంగా పెరుగుతుంది. మాను మీదే కాదు, రాతి బండల మీదా పాకుతుంది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి పాలిపోడియం క్వెర్సిఫోలియం అని పేరు పెట్టాడు, అంటే ఓక్ ఆకుల్లాంటి ఆకులున్నది అని. డ్రైనేరియా అన్న మాట కూడా ఓక్ చెట్టుకున్న గ్రీకు పేరులోంచి వచ్చిందే, కాబట్టి పేరులో ఓక్ రెండుసార్లు ఉన్నట్టు లెక్క! కొన్ని కొత్త పుస్తకాల్లో అగ్లేయోమోర్ఫా క్వెర్సిఫోలియా అని కనిపిస్తే కంగారు పడకండి, అదీ ఇదే మొక్క.

ఓక్ ఆకు చూడనివాళ్లకు ఆ పోలిక వల్ల ఒరిగేదేం లేదు గాని, అది చెబుతున్నది ఏ ఆకుల గురించో గమనించండి. పైన ఉన్న పచ్చని ఆకుల గురించి కాదు, కింద ఉన్న ఎండుటాకుల గురించే. ఈ మొక్కకు రెండు రకాల ఆకులుంటాయి. ఒకటి గూటి ఆకు. కాడ ఉండదు, వెడల్పుగా, అంచున గుండ్రటి చీలికలతో జానెడో జానెడున్నరో ఉంటుంది, మానుకు కాస్త ఎడంగా దోసిలి పట్టినట్టు నిలబడుతుంది. పుట్టినప్పుడు పచ్చగానే ఉంటుంది, త్వరలోనే పచ్చదనం పోయి గోధుమరంగులోకి తిరిగి, గట్టి కాగితంలా మారి, వేలితో తడితే గలగలమంటుంది. అలా మారాక కూడా రాలిపోదు, అసలు దాని పని మొదలయ్యేదే అప్పుడు. రెండోది మామూలు ఆకు. దానికి కాడ ఉంటుంది, మీటరు దాకా పెరుగుతుంది, చీలికలు దాదాపు నడి ఈనె దాకా దిగుతాయి. ఆహారం తయారుచేసేదీ, చుక్కలు మోసేదీ ఇదే. గూటి ఆకు వెనక చుక్కలుండవు.

ఇక నా నిర్వాకం. నా మొదటి మొక్కను ఒక చెక్క పలకకు కట్టి ఇచ్చారు, అమ్మినతను స్టాగ్‌హార్న్ అన్నాడు, నేనూ అదే అనుకుని పెంచాను. కింద ఎండిన ఆకులు చూస్తుంటే చేతులు ఊరుకోవు కదా. ఒక ఆదివారం కూర్చుని కత్తెరతో ఒక్కొక్కటే మొదలంటా కోసి పారేశాను. కోస్తుంటే ఆకు వెనక నుంచి నల్లటి మెత్తటి మట్టి రాలింది, పలక మీద పిడికెడు మట్టి కూడా వేయలేదు మరి. దాంట్లో సగం కుళ్లిన ఆకు ముక్కలు, పుల్లలు, గుడ్లు నోట కరుచుకుని పరుగులు తీస్తున్న చీమలు, ఈ మొత్తాన్నీ వలలా అల్లుకుని సన్నటి గోధుమరంగు వేళ్లు. అప్పుడైనా ఆగాల్సింది. ఆగకుండా బ్రష్‌తో అదంతా దులిపేసి, శుభ్రంగా ఉందని ఫోటో కూడా తీసుకున్నాను. నెల తిరక్కుండా పచ్చని ఆకులు వడలడం మొదలైంది. రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లినా నిలిచే చోటు లేక జారిపోయేవి. కొత్త గూటి ఆకులు రెండు వచ్చి మళ్లీ కాస్త చెత్త పోగయ్యేదాకా, అంటే ఏడాది పైనే, ఆ మొక్క కోలుకోలేదు.

కారణం తెలిశాక సిగ్గేసింది. నేలలో వేరూనని మొక్కకు మట్టి ఎవరిస్తారు? పై కొమ్మల నుంచి రాలే ఆకులు, దుమ్ము, పురుగుల రెట్టలు ఆ గూటి ఆకుల దొప్పలో పడతాయి, అక్కడే కుళ్లి ఎరువవుతాయి, వాన వెలిసిన తర్వాతా తడిని పట్టి ఉంచుతాయి, వేళ్లు తిరిగి ఆ దొప్పలోకే పెరుగుతాయి. దాని కుండీని అదే కట్టుకుంటుందన్నమాట. మనం చనిపోయిన ఆకు అనుకునేది ఆ కుండీ గోడ.

చుక్కల సంగతిలోనూ మీరు పడుతున్న టెన్షన్ నేను పడిందే. పొలుసు పురుగులనుకుని (మొక్కకు అతుక్కుని రసం పీల్చే చిన్న పురుగులు) సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్ పెట్టి ఒక ఆకంతా గీకేశాను, పక్కవారం పక్క ఆకు నిండా మళ్లీ అవే. పురుగైతే ఇష్టం వచ్చినచోట గుంపు కడుతుంది, ముదురాకు మీదా లేతాకు మీదా కాడ మీదా ఉంటుంది. ఇవి ఆకు వెనక మాత్రమే, ముగ్గు చుక్కల్లా లెక్క ప్రకారం ఉంటాయి. ఇవి సోరస్‌లు, అంటే సిద్ధబీజాల సంచుల గుంపులు. ఫెర్న్‌కు పువ్వూ కాయా ఉండవు, దాని సంతానమంతా ఈ పొడిలోనే. అనుమానం తీరాలంటే ముదిరిన చుక్కలున్న ఆకు ముక్క ఒకటి కోసి, చుక్కలవైపు కిందికి వచ్చేలా తెల్లకాగితం మీద పరిచి, పైన ఏదైనా పుస్తకం పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున తీస్తే కాగితం మీద సన్నటి పొడి చారలు కట్టి ఉంటుంది. పొలుసు పురుగు ఆ పని చేయలేదు.

పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లెన్స్ ఉంటే ఇంకో తమాషా చూడొచ్చు. ఆకు ముక్కను వెచ్చటి బల్బు కింద పెట్టి లెన్స్‌లోంచి చూస్తూ ఉండండి. ఒక్కో సంచికీ వీపున ఒక వరస కణాలుంటాయి, వాటిలో నీరు ఆవిరవుతున్న కొద్దీ సంచి పగిలి నెమ్మదిగా వెనక్కి వంగుతుంది, పూర్తిగా వంగాక ఒక్క విదిలింపుతో ముందుకు వచ్చి లోపలి పొడిని వడిసెలతో విసిరినట్టు విసిరేస్తుంది. మామూలుగా ఒక్కో సంచిలో 64 సిద్ధబీజాలు. నేను మొదటిసారి చూసినప్పుడు పురుగులే కదులుతున్నాయనుకుని ఉలిక్కిపడ్డాను, అంటే అప్పటికీ నా బుర్రలోంచి పొలుసు పురుగు పోలేదు.

ఆ చుక్కల అమరికే మీ మొక్క క్వెర్సిఫోలియా అవునో కాదో తేల్చేది కూడా. ఆకు చీలికల్లో ఒకదాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే దాని నడి ఈనె నుంచి అంచు వైపు పక్క ఈనెలు పోతుంటాయి. పక్కపక్కనున్న రెండు పక్క ఈనెల మధ్య చుక్కలు రెండు వరసలుగా క్రమంగా ఉంటే క్వెర్సిఫోలియా. వరస అంటూ లేకుండా చిన్నచిన్న చుక్కలు చల్లినట్టుంటే దాని దగ్గరి చుట్టం డ్రైనేరియా స్పార్సిసోరా. ఆకు చీలికలుగా కాకుండా వేప ఆకులాగా విడివిడి రెబ్బలుగా ఉండి, ఒక్కో రెబ్బకు నడి ఈనెకు అటొకటి ఇటొకటి చుక్కల వరస ఉంటే అది డ్రైనేరియా రిజిడ్యులా. ఆకు ఆకారం మాత్రమే చూసి ఈ మూడింటిలో ఫలానాదని చెప్పేవాళ్లను నేను నమ్మను, మొక్క చిన్నదైతే అస్సలు నమ్మను.

స్టాగ్‌హార్న్, అంటే ప్లాటీసీరియం, అనిపించడంలో మీ తప్పేం లేదు, దానికీ మానును కప్పుతూ ఎండే ఆకులుంటాయి. కాకపోతే దాని పచ్చని ఆకు జింక కొమ్ములా రెండుగా, మళ్లీ రెండుగా చీలుతూ పోతుంది, ఈకలా నడి ఈనెకు అటూఇటూ చీలదు, పైగా దానికి విడి చుక్కలుండవు, ఆకు వెనక గోధుమరంగు మఖమల్ అతికించినట్టు పెద్ద మచ్చ ఉంటుంది. బర్డ్స్ నెస్ట్, అదే ఆస్ప్లీనియం నిడస్, ఇంకా తేలిక, ఆకుకు చీలికే ఉండదు, వెనక చుక్కల బదులు ఏటవాలు గీతలుంటాయి. అసలు తికమక పెట్టేది అగ్లేయోమోర్ఫా కొరోనాన్స్. దానికి విడిగా గూటి ఆకు లేదు, ప్రతి పచ్చని ఆకూ మొదలు దగ్గర వెడల్పయి అక్కడ గోధుమరంగుకు తిరుగుతుంది. కాబట్టి గోధుమరంగు భాగం విడి ఆకా, పచ్చని ఆకు మొదలేనా అని వేలు పెట్టి చూడండి.

ఇంకో గుర్తు కూడా చెప్పాలి. గూటి ఆకుల సందున మాను మీద పాకుతున్న కొమ్ము చూడండి, ఫెర్న్‌కు కాండం అదే. బొటనవేలంత లావు, ఒళ్లంతా గోధుమరంగు పొలుసులు, ముట్టుకుంటే ఉడుత తోకలా ఉంటుంది. మీరెప్పుడైనా దీన్ని వేరేచోట పెంచాలనుకుంటే ఆ కొమ్మును మట్టిలో పూడ్చకండి, కుళ్లిపోతుంది. చెక్క మీద పెట్టి కట్టి వదిలేస్తే చాలు.

చెట్టుకు ప్రమాదం లేదు. ఇది బదనిక కాదు. బదనిక చెట్టు కండలోకి చొచ్చుకుపోయి నీళ్లు లాగుతుంది, ఇది బెరడును పట్టుకుని కూర్చుంటుంది అంతే, దాని తిండి దానిదే. ఇలా చెట్టు మీద పెరిగే మొక్కను వృక్షోపజీవి అంటారు, ఆ మాటలో ఉపజీవి ఉండటం వల్ల చాలామంది చెట్టును తిని బతికేదనుకుంటారు, నాకైతే ఆ పదమే నచ్చదు. బాగా ముదిరి పెద్ద గంపంత అయ్యాక, వానలో తడిసి బరువెక్కినప్పుడు పుచ్చు కొమ్మను విరవగలదు, అంతకు మించి కీడు లేదు. ఆకుల మీద చీమలు తిరుగుతుంటే మందు కొట్టకండి, ఈ ఫెర్న్ ఆకులకు తేనెలాంటి తీపి నీరు ఊరే గ్రంథులున్నాయి, చీమలు వాటికోసం వస్తాయి.

ఎండాకాలంలో పచ్చని ఆకులు కూడా పోతే మాత్రం బెంగ పెట్టుకోకండి. నీరు దొరకనప్పుడు ఆకు చీలికలు ఒక్కొక్కటే విడిపోయి రాలిపోతాయి, నడి ఈనెలు మాత్రం ఉత్త పుల్లల్లా నిలబడి ఉంటాయి. చూస్తే మొక్క పోయిందనే అనిపిస్తుంది, నేను రెండో మొక్కను పీకి పారేయబోయాను కూడా. కొమ్మును గిల్లి చూశాను, లోపల లేత ఆకుపచ్చగా తడిగా ఉంది. వానలు పడ్డాక దాని కొస నుంచి మళ్లీ ఆకు చుట్ట విప్పుకుంది.

ఫోటో ఒకటి పెట్టండి. మొక్క మొత్తం కనిపించేది అక్కర్లేదు, ఆకు వెనకవైపు ఒకే ఒక్క చీలిక, రెండు పక్క ఈనెల మధ్య చుక్కలు లెక్కపెట్టుకోగలిగేంత దగ్గర నుంచి తీసింది చాలు.