ఆరు బార్లీవైన్ సీసాలు ఐదేళ్లు దాచాలి, గ్యారేజీలో పెట్టొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా: డాలస్‌లో ఉంటారు, సియెరా నెవాడా కంపెనీ చేసే బిగ్‌ఫుట్ అనే బార్లీవైన్ (పేరులో వైన్ ఉన్నా ఇది బార్లీతో చేసే ఘాటైన బీరే) ఆరు సీసాలు కొన్నారు. ఐదేళ్లు దాస్తే అమృతమే అని స్నేహితుడన్నాడు. ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తీయాలి, రుచి ఎలా చూడాలి?

గ్యారేజీ మాత్రం వద్దు. డాలస్ ఎండలకి మూసి ఉన్న గ్యారేజీ 40 డిగ్రీలు దాటడం మామూలే. మూత కింద మిగిలిపోయిన కాస్త ఆక్సిజన్ మెల్లగా బీరులో కలిసి చేసే పనే ఈ 'పాతబడటం'లో ముఖ్యభాగం. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం రెండు మూడు రెట్లవుతుంది. చల్లగా, నిదానంగా జరిగితే ఖర్జూరం, తాటిబెల్లం వాసనలొస్తాయి. వేడిలో గబగబా జరిగితే తడిసిన అట్టముక్క వాసనే మిగులుతుంది. పైగా పగలు వేడి, రాత్రి చల్లదనం మారి మారి వస్తుంటే సీసా మెడలోని గ్యాసు సాగి ముడుచుకుంటూ మూత బిగువును పరీక్షిస్తూ ఉంటుంది.

10 నుంచి 13 డిగ్రీల మధ్య పెట్టుకున్న వైన్ ఫ్రిజ్ అయితే మంచిది. అది లేకపోతే ఇంటి మధ్యలో, బయటి గోడ తగలని అల్మరాలో అట్టపెట్టెతో సహా పెట్టండి. ఏసీ ఉన్న ఇంట్లో అది 23, 24 డిగ్రీలుంటుంది కాబట్టి ఐదేళ్ల ఆశ వదిలేసి ఏడాదిన్నర, రెండేళ్లతో సరిపెట్టుకోండి. మామూలు ఫ్రిజ్‌లో పెట్టినా బీరు చెడదు, కాకపోతే మార్పు నత్తనడకే. సీసాలు నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే గాలికి తగిలే వైశాల్యం పెరుగుతుంది, అడుగు మడ్డి పక్కకి అంటుకుని పోసేటప్పుడు గ్లాసులోకి వస్తుంది. వెలుతురు తగలనివ్వకండి. గోధుమరంగు గాజు చాలావరకు ఆపుతుంది కానీ పూర్తిగా ఆపదు. వెలుగు తగిలి పాడైన బీరు వాసన మీకు తెలిసిందే, రాత్రిపూట టెక్సస్ రోడ్ల పక్కన తగిలే స్కంక్ కంపు.

మీ స్నేహితుడి మాట సగమే నిజం. లేబుల్ మీద 'బార్లీవైన్ స్టైల్ ఏల్' అని ఉన్నవన్నీ ఒకే రకం కావు. (ఏల్ అంటే ఒక రకం బీరు. ఆ 'స్టైల్ ఏల్' తోక అమెరికా లేబుల్ నియమాల వల్ల వచ్చింది, ఎవరూ ద్రాక్ష వైన్ అనుకోకుండా.) బిగ్‌ఫుట్ 1983 నుంచి వస్తోంది, 9.6 శాతం ఆల్కహాల్, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) దండిగా వేస్తారు. దబ్బకాయ తొక్క, పైన్ బంక లాంటి ఆ హాప్స్ వాసనే దాని ప్రాణం, అదే ముందు పోతుంది. చేదు తర్వాత, ఇంకా నిదానంగా తగ్గుతుంది. ఆ ఘాటు కోసం కొన్నవాళ్లు తాజాగా తాగడమే మేలు. ఇంగ్లీషు పద్ధతివి వేరు. మాంచెస్టర్ వైపు జె.డబ్ల్యూ. లీస్ వాళ్ల హార్వెస్ట్ ఏల్ 11.5 శాతం, మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి బాగా ఉంటుంది, దాచడానికి అదే అనువు. 1968లో ఎల్‌డ్రిడ్జ్ పోప్ అనే ఇంగ్లీషు బీరు కంపెనీ తెచ్చిన థామస్ హార్డీస్ ఏల్ అయితే 25 ఏళ్లు ఉంచొచ్చని లేబుల్ మీదే చెప్పుకుంది. నా లెక్కలో బిగ్‌ఫుట్‌కి మూడు నుంచి ఐదేళ్లు చాలు. బర్బన్ విస్కీ పీపాల్లో ఊరబెట్టినవైతే పీపాలోనే కొంత ముదిరి వస్తాయి, ఏడాది దాటించి లాభం తక్కువ.

ఆరు సీసాలను ఇలా వాడండి. ఒకటి ఈ వారమే తాగి నాలుగు మాటలు రాసుకోండి, ఎందుకంటే ఐదేళ్ల తర్వాత పోల్చడానికి జ్ఞాపకాన్ని నమ్ముకోలేం. తర్వాత ఏడాదికి, రెండేళ్లకి, మూడేళ్లకి, ఐదేళ్లకి ఒక్కొక్కటి. ఆరోది మధ్యలో ఏదైనా పాడైతే అక్కరకొస్తుంది. ఏడాది సీసా నిరాశపరచొచ్చు. హాప్స్ వాసన పోయి ఉంటుంది, ఖర్జూరం ఇంకా వచ్చి ఉండదు. అది చూసి మిగతావి పంచిపెట్టేయకండి.

తాగే ముందు రోజు నుంచీ సీసాను కదపొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెడితే 12, 13 డిగ్రీలకి వస్తుంది. మరీ చల్లగా తాగితే తీపీ తెలియదు, వాసనా తెలియదు. అంచు లోపలికి వంగిన చిన్న గ్లాసులో సగానికి మించకుండా, నెమ్మదిగా ఒకే ధారగా పోసి, అడుగున ఒక సెంటీమీటరు వదిలేయండి. గ్లాసు తిప్పకముందే ఒకసారి వాసన చూడండి, తేలికైన వాసనలు తిప్పగానే ఎగిరిపోతాయి. తర్వాత చిన్న గుక్క. నాలుక మీద మొదట పాకం తీపి, ఆపైన చేదు, మింగాక ఛాతీలో వెచ్చదనం. వెచ్చగా ఉంటే సరే. గొంతు మండుతూ నెయిల్ పాలిష్ వాసన వస్తే తప్పు పులియబెట్టడంలోనే జరిగింది, ఎన్నేళ్లు దాచినా అది పూర్తిగా పోదు.

మిగతా తేడాలూ వాసనతోనే పట్టొచ్చు. షెర్రీ వైన్, కిస్మిస్ వాసన కొంచెం ఉంటే ముదిరిందని, అదొక్కటే మిగిలితే సమయం దాటిపోయిందని. సోయా సాస్, మాంసం ఉడికించిన నీళ్ల రుచి వస్తే అడుగున చచ్చిన ఈస్టు కరిగిపోతోందని. మూత తీయగానే నురగ పొంగి, రుచి పుల్లగా, పలచగా ఉంటే వేరే సూక్ష్మజీవులు చేరాయని. మెడలో బీరు మట్టం మిగతా సీసాలకన్నా కిందికుంటే మూత కారింది, దాన్ని ముందు తాగేయండి.

వేర్వేరు సంవత్సరాల్లో తయారైన నాలుగైదు సీసాలు పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటే కొత్తదాని నుంచి పాతదానికి వెళ్లమంటారు చాలామంది. బిగ్‌ఫుట్ విషయంలో నేను తిరగేస్తాను. తాజా సీసా చేదుకి నాలుక మొద్దుబారితే పాతదాని సున్నితం పట్టుకోలేం. మనిషికి 60 మిల్లీలీటర్ల చొప్పున చాలు, మధ్యలో నీళ్లు, ఉప్పులేని బిస్కెట్. 355 మిల్లీలీటర్ల ఒక్క సీసాలో దాదాపు 27 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అంటే అమెరికా లెక్కలో ఇంచుమించు రెండు డ్రింకులు. ఆ రాత్రి కారు తీయొద్దు.

హైదరాబాద్ తీసుకెళ్లే ఆలోచన ఉంటే మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేదు, అంటే ఐదు సీసాలు. చెకిన్ పెట్టెలో ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బట్టల మధ్య పెట్టండి. అక్కడికెళ్లాక అటక మీద మాత్రం దాచకండి, మే నెలలో అది మీ గ్యారేజీకి తమ్ముడే.