మోంటానా పోలీసు భుజం మీద ఆ అంకెలేమిటి?

ప్రశ్న: అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కు చూడ్డానికి మా అమ్మాయి వాళ్లతో వెళ్లాం. మోంటానాలో ఒక హైవే పోలీసు చొక్కా భుజం మీద '3-7-77' అని కనిపించింది. "అది ఫ్రీమేసన్ల గుర్తట, ఆ రాష్ట్రాన్ని నిలబెట్టిందీ, దొంగల్ని ఉరితీసిందీ వాళ్లేనట" అన్నాడు మా అల్లుడు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫ్రీమేసన్లంటే (మేసన్లనీ అంటారు) తమలో తాము సోదరుల్లా మెలిగే ఒక పాత సంఘం వాళ్లు. ముందు అంకెల సంగతి చూద్దామమ్మా. బెల్ అనే మేసన్ అంత్యక్రియలకు 76 మంది మేసన్లు వచ్చారు, అతనితో కలిపి 77 అని ఒక కథ ఉంది. సమాధి గొయ్యి కొలతలని ఇంకో కథ. వేటికీ రుజువు లేదు. పైగా ఈ అంకెలు హెలెనా ఊళ్లో కనిపించింది 1879లో. ఉరితీతలు జరిగిన పదిహేనేళ్లకు! మీ అల్లుడు చెప్పిన మిగతా మాటల్లో మాత్రం చాలా నిజముంది.

1862 జూలైలో ఇప్పటి మోంటానాలోని గ్రాస్‌హాపర్ వాగులో బంగారం దొరికింది. నెలల్లోనే బానక్ అనే ఊరు లేచింది. కోర్టు లేదు, జైలు లేదు. పక్క గుడిసెలో ఉన్నవాడు ఎలాంటివాడో చెప్పే మనిషి లేడు. సంపాదించిన బంగారపు పొడి నడుముకు కట్టుకుని పడుకోవాలి. దాంతో ఊరు దాటాలంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ నవంబర్‌లో విలియం బెల్ జ్వరంతో పోతూ, తనను మేసన్ల పద్ధతిలో సాగనంపమని కోరాడు. మిన్నెసోటా నుంచి వచ్చిన నథానియల్ లాంగ్‌ఫర్డ్ ఆ బాధ్యత తీసుకున్నాడు. ఊళ్లో ఉన్న మేసన్లు రండని కబురు పెడితే, పదిమంది కూడా వస్తారనుకోని చోటికి 76 మంది వచ్చారు. అప్పటిదాకా ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లు. నా దృష్టిలో మోంటానా కథ అసలు మొదలయ్యింది అక్కడే. నమ్మదగిన మనుషులు తమలో ఇంతమంది ఉన్నారని వాళ్లకు ఆ రోజే తెలిసింది.

మరుసటి ఏడాది సిడ్నీ ఎడ్గర్టన్ ఇడాహో టెరిటరీకి (ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం, అప్పట్లో బానక్ అందులోదే) చీఫ్ జస్టిస్‌గా బానక్ చేరాడు. జడ్జి వచ్చాడు గానీ కోర్టు లేదు. ఆయన మేనల్లుడు విల్బర్ శాండర్స్ లాయరు, మేసన్. 1863 డిసెంబర్‌లో నికొలస్ టీబోల్ట్ అనే కుర్రాణ్ని చంపి కంచరగాడిదలు ఎత్తుకెళ్లాడని జార్జ్ ఐవ్స్‌ను పట్టుకున్నారు. నెవాడా సిటీ అనే ఊరి వీధిలో, ఎముకలు కొరికే చలిలో, బండి మీద జడ్జిని కూర్చోబెట్టి మూడు రోజులు విచారించారు. ఐవ్స్ మనుషులు తుపాకులతో గుంపులోనే తిరుగుతున్నారు. అయినా ఇరవై తొమ్మిదేళ్ల శాండర్స్ లేచి ఐవ్స్‌కు వ్యతిరేకంగా వాదించాడు. 24 మంది జ్యూరీలో 23 మంది దోషి అన్నారు. తెల్లారేదాకా గడువివ్వమని ఐవ్స్ బతిమాలుతుంటే, "ఆ కుర్రాడికి నువ్వెంత గడువిచ్చావో అడగండి" అని గుడిసె కప్పు మీది నుంచి ఒకతను అరిచాడు. అప్పుడే ఉరి వేసేశారు. ఆ విచారణకు నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. జరిగింది నడివీధిలో, అందరి ముందు. ముద్దాయి తరఫున లాయర్లు కూడా ఉన్నారు.

తర్వాత జరిగినదానికి మాత్రం పెట్టలేను. రెండ్రోజుల్లో విజిలెంట్ కమిటీ (చట్టాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నవాళ్ల సంఘం) ఏర్పడింది. దాని అధ్యక్షుడు పారిస్ ఫౌట్స్ మేసన్లలో పెద్ద. 1864 జనవరి, ఫిబ్రవరి నెలల్లో విచారణ లేకుండానే 20 మందికి పైగా ఉరితీశారు. బానక్ షెరీఫ్ హెన్రీ ప్లమ్మర్ కూడా అందులో ఒకడు. అతను దొంగల నాయకుడా కాదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మార్చిలో జాక్ స్లేడ్‌ను, తాగి ఊరు అల్లరి చేసినందుకు, ఉరితీశారు. భార్య గుర్రం మీద పరుగున వచ్చేసరికే ప్రాణం పోయింది. లాడ్జీ (మేసన్ల స్థానిక శాఖ) పేరుతో ఎవరినీ చంపలేదు, కమిటీలో అందరూ మేసన్లూ కారు. అయినా, మనవాళ్లు మంచివాళ్లన్న నమ్మకం ఉంటే చాలు, సాక్ష్యం అక్కర్లేదనుకున్నారు. అది ఘోరమే.

ఇక కట్టినవీ చెప్పాలి కదా. 1864 మే 26న మోంటానా టెరిటరీ ఏర్పడింది, ఎడ్గర్టన్ తొలి గవర్నర్. శాండర్స్ తర్వాత రాష్ట్రం నుంచి సెనేటర్ అయ్యాడు. మీరు చూసొచ్చిన ఎల్లోస్టోన్‌కు 1872లో మొదటి సూపరింటెండెంట్ ఎవరనుకున్నారు? బెల్‌ను సాగనంపిన లాంగ్‌ఫర్డే, అదీ జీతం లేకుండా. ఈసారి వెళ్తే బానక్ కూడా చూడండి. ఇప్పుడది మనుషుల్లేని ఊరు, స్టేట్ పార్కు. 1874లో మేసన్లు కట్టిన రెండంతస్తుల చెక్క భవనం అక్కడ ఇంకా ఉంది. పైన లాడ్జీ, కింద పిల్లల బడి.

ప్రశ్న: మన దగ్గర కూడా ఫ్రీమేసన్లు ఉన్నారా?
- ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఉన్నారు. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీల నాటి గోషామహల్ బారాదరిని 1872లో నిజాం హయాంలో వాళ్లకిచ్చారు. ఇప్పటికీ అక్కడే సమావేశమవుతారు.